మళ్ళీ అడగాలి

ఆయన పోయారన్న సంగతి నాకు ట్యాబ్ పట్టుకుని వచ్చిన ఒక అమ్మాయి చెప్పింది. అదీ నేను అడిగితేనే. ఎండాకాలంలోనే పోయారట. ఇప్పుడు వానలు కూడా తగ్గుముఖం పడుతున్నాయి. ఇన్ని నెలల్లో నాకు ఒక్కరూ కబురు చెయ్యలేదు. నా ఫోన్ నంబరు దొరకలేదని ఎవరూ అనడానికి లేదు. ఈ జిల్లాలో నేను అర్జీ పెట్టని ఆఫీసు లేదు, నంబరు రాయని అర్జీ లేదు. సరే, ఇదీ గుర్తు పెట్టుకుంటాను.

మాది నౌపడ దగ్గర. ఉప్పుమళ్ళ మీద బతుకుతాం. మూడేళ్ళ క్రితం ఆ మళ్ళ మధ్యనుంచి రోడ్డు వేశారు. ఇప్పుడు దానికి మరమ్మతులు చేస్తారట, కట్ట కింద నీరు పోయే తూములు ఎక్కడైనా తక్కువయ్యాయేమో కూడా చూస్తారట. అందుకని జనాన్ని అడగడానికి ఆ అమ్మాయిని పంపారు. మా అరుగు మీద కూర్చుని ప్రశ్న చదివేది, జవాబులు కూడా తనే చదివేది. చాలా బాగుంది, బాగుంది, ఫరవాలేదు, బాగులేదు. నేను గొంతు సవరించుకునేలోగా వేలు ఏదో ఒకదాని మీద పడిపోయేది. ఇదివరకు ఈ పని మీద విజయనగరం నుంచి ఒకాయన వచ్చేవారు, ఆయన్నెందుకు పంపలేదని అడిగాను. అమ్మాయి వేలు ఆగింది.

"సారు పోయారండి. మాకు పని నేర్పింది ఆయనే," అంది.

ఆయన ఉద్యోగం పేరేమిటో నాకిప్పటికీ సరిగ్గా తెలీదు. రోడ్డో వంతెనో కట్టబోయేముందు దానివల్ల బాగుపడేవాళ్ళనీ చెడిపోయేవాళ్ళనీ కలిసి మాట్లాడి, వాళ్ళు చెప్పింది రాసి తనని పెట్టుకున్న కంపెనీకి ఇవ్వాలి. కంపెనీ ఆ రాతల్ని తన రిపోర్టులో పెట్టి రోడ్ల ఆఫీసుకి ఇస్తుంది. ఊళ్ళో కలవాల్సినవాళ్ళ జాబితా ఆఫీసువాళ్ళే ఆయన చేతికిచ్చారు. అందులో నా పేరు చిట్టచివర. ఉప్పుమళ్ళాయన దగ్గరికి ఆఖర్న వెళ్ళండి, లేకపోతే మీ రోజు అక్కడే గడిచిపోతుందని కూడా చెప్పి పంపారట. ఈ ముక్క నాకు ఆయనే చెప్పారు, గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పుతూ.

"అందుకనే ముందు మీ దగ్గరికొచ్చీసానండి."

ఆఫీసువాళ్ళు అన్న మాటకి కోపం తెచ్చుకోవాలో, ఈయన వచ్చినందుకు సంతోషించాలో తేలక, మంచినీళ్ళు తెమ్మని లోపలికి కేకేశాను.

యాభై దాటిన మనిషి, బక్కపలచన. కూర్చోబోయే ముందు చేతి గడియారం విప్పి చొక్కా జేబులో వేసుకునేవారు. సంచిలో సొంత నీళ్ళ సీసా ఉన్నా, ఏ ఇంట్లో ఇచ్చిన నీళ్ళు ఆ ఇంట్లో గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగేవారు. కుడి చెవి సరిగా వినపడదు. అందుకని ఎడమ చెవి మన వైపు తిప్పి, మెడ కొంచెం వంచి కూర్చునేవారు. ఆ సంగతి తెలియనివాళ్ళకి తమ మాట కోసం ఇంత మనిషి ఒంగి కూర్చున్నాడని అనిపించేది. నాకూ అలాగే అనిపించింది. చెవి సంగతి తర్వాత తెలిసింది గాని నా అభిప్రాయం మాత్రం మార్చుకోలేదు.

ప్రశ్న అడిగాక ఆయన చూపు తన కాలి బొటనవేలి మీదకి పోయేది. మనం నోరు విప్పేదాకా అక్కడే. మధ్యలో మనం ఆగితే ఆయనా ఆగేవారు. మీ ఉద్దేశం ఫలానా కదండీ అంటూ మన నోట్లో మాట పెట్టేవారు కాదు. ఊరుకోవడం కూడా ఒక పని అని ఆయన్ని చూశాకే నాకు తెలిసింది. మా ఇంట్లో ఆ పని ఎవరికీ రాదు. నాకసలే రాదు.

మొదటి రోజు నేను రెండు గంటలు మాట్లాడాను. రోడ్డు గురించి అంతకు ముందు ఊళ్ళో సభ పెట్టారు. నా చేతిలో మైకు రెండో వాక్యం పూర్తికాకుండానే లాక్కున్నారు. లాక్కున్నవాడి చేతికి రాగి కడియం ఉంది. నాకు వేసిన కుర్చీ వెనక వరసలోది, దానికి ఒక చెయ్యి విరిగిపోయింది. ముందు వరసలో కూర్చున్నవాళ్ళలో ఉప్పుమడి ఉన్నవాడు ఒక్కడూ లేడు. టీలు ఇచ్చేటప్పుడు నా దాకా వచ్చి అయిపోయాయన్నారు. ఇవన్నీ వరసగా చెప్పాను. ఆ సభ అయ్యాక ఆఫీసులో నన్ను నిలబెట్టి మాట్లాడినాయన సంగతీ, అంతకు ముందు సంవత్సరం సంగతులూ కూడా చెప్పాను. ఆయన మెడ వంచుకుని అంతా విన్నారు. దారంతో కుట్టిన పొడుగు పుస్తకం ఒడిలోనే ఉంది, కలం దాని మీదే ఉంది, ఒక్క అక్షరం రాయలేదు.

"రాసుకోరేటండీ?" అన్నాను.

"రాయాల్సింది ఇంకా రాలేదండి." ఆయన మాట చదువుకున్న మాటే, కానీ అడుగున మన యాస పోలేదు. "మిమ్మల్ని ఎవరేటి సేసారో సెప్పారు. మీకేటి కావాలో సెప్పలేదు. తొందరేం లేదండి. రేపొస్తాను."

జేబులోంచి గడియారం తీసి పెట్టుకుని వెళ్ళిపోయారు. నా ఇంట్లో, నా నీళ్ళు తాగి, నా రెండు గంటల మాటల్లో రాయదగ్గది లేదన్నాడే అని ఆ సాయంత్రమంతా ఉడికిపోయాను. కంపెనీ చిరునామా దొరికితే ఆయన మీద కూడా ఒక అర్జీ పడేసేవాణ్ణి.

మర్నాడు మళ్ళ దగ్గర కలుద్దామన్నారు. ఉప్పు తీసే ఆడవాళ్ళు పనిలో ఉన్నారు. ఆయన గట్టు మీద గొంతుకూర్చుని వాళ్ళనేదో అడిగారు. జవాబు నేనే చెప్పాను, ఎందుకంటే ఆ విషయం నాకు బాగా తెలుసు. ఇంకోటి అడిగారు. అదీ నేనే చెప్పాను. అప్పుడాయన నా వైపు తిరిగి, మీరు ఇన్నేళ్ళుగా పెట్టిన అర్జీల నకళ్ళన్నీ ఇంట్లో ఉన్నాయన్నారు కదా, అవి చూడాలని ఉంది, తేగలరా అని ఎంతో మర్యాదగా అడిగారు. నా అర్జీలు చూస్తానని అడిగిన మనిషి అంతవరకు పుట్టలేదు. సైకిలేసుకుని ఇంటికి పోయి, సంచి భుజాన వేసుకుని, చెమటలు కక్కుతూ తిరిగి వచ్చేసరికి పుస్తకంలో మూడు పేజీలు నిండిపోయి ఉన్నాయి.

ఆడవాళ్ళంతా రోడ్డు కావాలన్నారు. రోడ్డొస్తే లారీ మళ్ళ పక్కకే వస్తుంది, బుట్టలు నెత్తిన పెట్టుకుని అంత దూరం నడవక్కర్లేదన్నారు. నేను రోడ్డు వద్దని అన్ని అర్జీలు పెట్టినవాణ్ణి. నేను లేని సమయం చూసి చెప్పించారేమని నిలదీశాను. వాళ్ళలో పెద్దది అసిరమ్మ, బుట్ట దించి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నువ్వుంటే ఎవుల్ని మాటాడనిస్తావు బాబూ? నోరు నీది, నెత్తి మాది."

ఆయన బొటనవేలు చూసుకుంటున్నారు. పెదవి చివర నవ్వు ఆగలేదు. అదీ గుర్తుంది నాకు. అసిరమ్మ నెత్తి మీద ఇప్పుడు బుట్ట లేదు, అదీ ఒప్పుకుంటాను.

పోటు ఎక్కుతున్న వేళ. ఎక్కణ్ణుంచి నీరొస్తుందో చూపిస్తారా అని ఆయన అడిగితే గట్ల మీద నడిపించుకుపోయాను. కోపంలోనే నడిచాను. కానీ సముద్రంలో కలిసే వాగు, మా గెడ్డ, అందులోంచి ఉప్పునీరు కాలవలోకి మళ్ళి, నురగతో, చిన్న చప్పుడు చేస్తూ నా మడి వైపు వస్తుంటే ఎవడైనా ఎంతసేపు కోపంగా ఉంటాడు? నీళ్ళు చూపిస్తూ చెప్పేశాను. ఈ నీరు రాకపోతే ఉప్పు లేదండీ. రోడ్డుకి కట్ట వేస్తే ఈ కాలవ మూసుకుపోతుంది. కట్ట కింద మనిషి దూరేంత తూము పెడితే చాలు, రోడ్డు వేసుకోనివ్వండి. నోట్లోంచి వచ్చాక నాకే తెలిసింది, నా సంచిలో ఉన్న అర్జీల్లో ఒక్కదాన్లోనూ ఈ ముక్క లేదని. అన్నిటిలోనూ మైకు సంగతే ఉంది.

ఆయన గట్టు మీద కూర్చుని రాశారు. పుస్తకంలో ఎడమ పేజీ మనం చెప్పినదానికి, కుడి పేజీ ఆయన కళ్ళతో చూసినదానికి. రాయడం అయ్యాక మొదటినుంచీ పైకి చదివారు. నా మాటలు నా మాటల్లాగే ఉన్నాయి. 'మనిషి దూరేంత తూము' అని ఉంది. ఆఖర్న పుస్తకంలోంచి తలెత్తి అడిగారు.

"ఇదేనా మీరు సెప్పింది?"

అవునన్నాను. నా మాటని నాకు ఎవరైనా తిరిగి వినిపించడం నా జన్మలో అదే మొదలు. ఉప్పుగాలి పడలేదన్నట్టు దగ్గాను.

అక్కడితో ఆయన లేచి వెళ్ళిపోయి ఉంటే నేనీ కథంతా రాసేవాణ్ణి కాదు. లేచారు గాని కళ్ళు దూరంగా, మళ్ళు అయిపోయే చోట నిలిచాయి. అక్కడ ఎండిపోయిన కాలవ ఒకటి గెడ్డ వైపు పోతుంది. అది కూడా రోడ్డు దారిలోనే ఉంది. అదేమిటని అడిగారు. నాకు సరిగా తెలీదన్నాను.

"తెలిసినవాళ్ళు ఎవరండీ? ఇంకెవర్నైనా అడగాలా?"

జాబితాలో లేని మనుషుల్ని ఆయన ఈ ప్రశ్నతోనే పట్టుకునేవారు. ఎవరితో మాట్లాడినా లేవబోయే ముందు ఇది అడగాల్సిందే. ఊళ్ళో ఇద్దరు ముగ్గురు నా పేరే చెప్పారట, మళ్ళ సంగతి అంతా ఆయనకే తెలుసని.

ఆ ఎండిన కాలవ మా బావది. మా మేనమామ కొడుకు. కింది మళ్ళు కౌలుకి చేస్తాడు, కౌలుదారు గనక జాబితాలో అతని పేరు లేదు. ఆ కాలవలోకి పౌర్ణమికీ అమావాస్యకీ, పోటు పెద్దదైన ఆ రెండు మూడు రోజులే నీరెక్కుతుంది. ఆ నీరు ఆపుకుని మిగతా రోజులన్నీ వాడుకుంటాడు. మామూలు రోజు చూసినవాడెవడైనా పాడుపడ్డ కాలవనుకుంటాడు. చిన్నప్పుడు ఆ తూము పలక ఎత్తడానికి ఇద్దరం కలిసి వెళ్ళేవాళ్ళం.

బావ ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి వీధిలో అందరిళ్ళకీ మొగుడూ పెళ్ళాలు వెళ్ళి బొట్టు పెట్టి పిలిచారు. మా ఇంటి ముందు మాత్రం బావ బండి మీంచి దిగలేదు. ఇంజను ఆపలేదు. కాలొకటి నేల మీద పెట్టి, రేపు వచ్చీండి అని, పోయాడు. నేను వెళ్ళలేదు. ఆ రోజు నుంచి మాటల్లేవు. ఆయన నన్ను అడిగిన రోజున బావ ఊళ్ళో లేడు. కాలు విరిగి ఆమదాలవలసలో కూతురి దగ్గర ఉన్నాడు. ఆ సంగతి నాకు తెలుసు. ఆయన ఆ సాయంత్రం విజయనగరం పోయే రైలు ఆమదాలవలసలో ఆగుతుందనీ తెలుసు.

"ఎవరూ లేరండి," అన్నాను.

ఆయన చాలాసేపు బొటనవేలి వైపు చూశారు. నేను ఇంకేదైనా అంటానేమోనని చూశారని ఇప్పుడు తెలుస్తోంది. తర్వాత పుస్తకం విప్పి ఎడమ పేజీలో రాసి చదివారు. 'కింది కాలవ గురించి తెలిసినవాళ్ళు ఎవరూ లేరు అన్నారు' అని.

"ఇదేనా మీరు సెప్పింది?"

"అవును."

రోడ్డు వచ్చింది. నా కాలవ దగ్గర కట్ట కింద మనిషి దూరేంత తూము పెట్టారు. కింది కాలవ మీద మట్టి పోసి చదును చేసేశారు. మొదటి పౌర్ణమికి నీరు కట్టకి ఆ పక్కనే నిలబడి, పోటు తగ్గి పాటు రాగానే వెనక్కి పోయింది. బావ ఆమదాలవలస నుంచి కుంటుకుంటూ తిరిగి వచ్చేసరికి అతని మళ్ళు నెర్రెలిచ్చి ఉన్నాయి. ఇప్పుడక్కడ ఎర్రటి పిచ్చిమొక్కలు మొలిచాయి. బావ ఏ ఆఫీసుకీ వెళ్ళలేదు. అతనికి అర్జీ రాయడం రాదు. ఊళ్ళో ఎవరికి అర్జీ కావాలన్నా నేనే రాసిపెడతాను. నేను రాయని అర్జీ అదొక్కటే.

సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి ఆ రిపోర్టు నకలు తెప్పించుకున్నాను. మైకు సంగతి ఎక్కడైనా రాశారేమోనని. లేదు. వెనక ఆయన పుస్తకంలోని పేజీల నకళ్ళు జత చేసి ఉన్నాయి. నా మాటలన్నీ నావే. ఆఖరి వాక్యం, తెలిసినవాళ్ళు ఎవరూ లేరన్నది. దానికి ఎదురుగా, ఆయన కళ్ళతో చూసింది రాసుకునే కుడి పేజీలో, రెండే మాటలు.

మళ్ళీ అడగాలి.

ఆ కాగితం ఎన్నిసార్లు చూశానో చెప్పను. ఆయన్ని మళ్ళీ పంపలేదు. కంపెనీతో ఒప్పందం అక్కడికే ఉండి ఉంటుంది. కానీ నేను మాత్రం వస్తారనే అనుకున్నాను. మధ్యాహ్నం పాసింజరు వచ్చే వేళకి అరుగు మీద కూర్చోవడం అలవాటైంది. ఇంట్లోవాళ్ళు గాలి కోసం అనుకునేవారు. స్టేషను వైపు నుంచి సంచి తగిలించుకుని ఎవరు నడిచి వస్తున్నా, మెడ ఎటు వంగి ఉందో చూసేవాణ్ణి. వచ్చి, గడియారం జేబులో వేసుకుని, అడిగితే చెప్పేద్దునే. అడక్కుండా నాకై నేను పోయి చెప్పడమంటే బండి దిగనివాడి దగ్గరికి నేను దిగి వెళ్ళినట్టు. అది నా వల్ల కాలేదు.

ఒకసారి ఫోన్ చేశాను. పలికారు. పేరు చెప్పకముందే గొంతు పట్టేశారు. అప్పుడు నేనేం చేశాను? కొత్త రోడ్డు మీద లారీల దుమ్ము నా ఉప్పు మీద పడుతోందని, లారీవాళ్ళని అడిగితే నన్ను వెటకారం చేశారని ఏకధాటిగా చెప్పుకుపోయాను. ఫోన్ ఎడమ చెవికి పెట్టుకుని కాలు చూసుకుంటున్న మనిషి కనిపిస్తూనే ఉన్నాడు. నా మాటలు అయిపోయాక కూడా ఆయన ఊరుకున్నారు. చివరికి మెల్లగా అన్నారు.

"కోపం అయిపోయిందా అండి? అయితే సెప్పండి."

బావ సంగతి నాలుక చివరి దాకా వచ్చింది. ఏం లేదండి, ఉంటానని పెట్టేశాను. నాకు జరిగిన అవమానాలన్నిటికీ జరిగిన చోటూ, చేసినవాడి చొక్కా రంగూ చెప్పగలను. ఆ ఫోన్ పెట్టెయ్యడం మాత్రం ఎవరి ఖాతాలో వెయ్యాలో తెలియక అలా ఉంచేశాను.

ట్యాబ్ అమ్మాయి ప్రశ్నలన్నీ అయ్యాయి. సంతకం వేలితో పెట్టమంది, పెట్టాను. సంచి సర్దుకుంటోంది. ఇంకో ప్రశ్న ఉండాలే అన్నాను. ఆ అమ్మాయి నా ముఖంలోకి చూసింది.

"ఆఖర్న సారు అడగమనేవారు, అదేనా అండి? ఇందులో అది పెట్టలేదండి."

"పెట్టకపోతే పోనీ. నువ్వడుగు తల్లీ."

నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. సంచి కింద పెట్టి మళ్ళీ సరిగ్గా కూర్చుంది. ఆ పిల్లకి చెవులు రెండూ బాగానే వినపడతాయి, అయినా మెడ ఎడమకి కొంచెం వంచింది. నేర్పినాయన దగ్గర అది కూడా నేర్చుకున్నట్టుంది.

"ఇంకెవర్నైనా అడగాలా అండి?"

"ఉన్నాడు. మా బావ."

దారి చెప్తే పోయేదే, తీసుకువెళ్ళాను. బావ గేటు దగ్గర ఆగిపోయాను. ఆ ఇంట్లో నేనెప్పుడూ అడుగు పెట్టలేదు. బావ వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు, కర్ర పక్కన. నన్ను చూశాడు. రమ్మనలేదు. నేనూ వెళ్ళలేదు. అమ్మాయి లోపలికి వెళ్ళి కాలవ సంగతి అడిగింది. బావ గొంతు గేటు దాకా వినిపిస్తూనే ఉంది.

"పున్నానికీ అమాసకీ తప్పితే అందులో నీరుండదమ్మా. ఎండుగున్నాదని అందరూ పాడుబడిందనుకున్నారు. కట్ట కింద ఒక్క తూము పెట్టుంటే సరిపోను. నన్నెవులూ అడగనేదు."

ట్యాబ్‌లో దీనికి చోటు లేదేమో, అమ్మాయి సంచిలోంచి పుస్తకం తీసింది. విప్పి ఎడమ పేజీలో రాసింది. రాయడం అయ్యాక లేవబోయింది.

"రాసింది ఒకసారి చదివి వినిపించమ్మా," అన్నాను గేటు దగ్గర్నుంచి.

చదివింది. పున్నానికీ అమాసకీ తప్పితే నీరుండదు. కట్ట కింద ఒక్క తూము పెట్టుంటే సరిపోను. నన్నెవులూ అడగనేదు. ఇదేనా అండి మీరు చెప్పింది?

బావ ఆ అమ్మాయిని చూడలేదు. గేటు వైపే చూస్తున్నాడు.

"అదేనమ్మా. ఆ ఆఖరిది కొట్టీ. ఇప్పుడడిగారు కదా."

అమ్మాయి కలం పట్టుకుని ఆగింది.

"కొట్టొద్దమ్మా," అన్నాను. "అది ఉండాలి."